సభలో అంతరంగ గీతము

సంగీతసభలలో అక్క మహాదేవి వచనములను పాడుట నేడు సామాన్యమైనది. గాయకుడు రెండు గంటలసేపు రాగములను విస్తరించి, చివర నొక వచనము నెత్తుకొనును. సభికులు కరతాళధ్వనులు చేయుదురు. ఇంటికి పోవు త్రోవలో గాత్రము బాగున్నదనియో, తబలా కొంచెము జోరైనదనియో చెప్పుకొందురు. పెద్దలలో కొందరికి ఇది కష్టముగా తోచును.

వారి బాధ అర్థము లేనిది కాదు. అక్క పలికినది జనరంజనము కొరకు కాదు. చెన్నమల్లికార్జునుడే భర్తయని నమ్మి, కౌశికుని మందిరమును విడిచి, కట్టుబట్టలు సైతము వదలి, దారి పొడవున ఆయననే వెదకుచు పలికిన మాటలవి. విరహము, ఆకలి, అలక, నిందాస్తుతి అన్నియు వానియందున్నవి. ఒక స్త్రీ తన స్వామితో చెప్పుకొన్న దానిని టిక్కెట్టు కొని వినవచ్చునా? పాడువానికి ఆ సాయంకాలము ఆ వేదన కలుగనిచో ఆ పాట అబద్ధము కాదా? నడతయు నుడియు ఒకటి కావలెనని బోధించిన బసవేశ్వరుని మార్గమున నడచువారు ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయలేరు.

ప్రశ్న భక్తిగీతములకు మాత్రమే చెందినది కాదు. ఇంగ్లండు దేశపు గిటారు విద్వాంసుడు, గాయకుడు అయిన ఎరిక్ క్లాప్టన్‌కు 1991 మార్చిలో ఘోరమైన పుత్రశోకము కలిగెను. నాలుగేండ్ల కొడుకు కానర్ న్యూయార్కు నగరమున ఒక భవనపు 53వ అంతస్తు కిటికీనుండి పడి మరణించెను. ఆ దుఃఖమునుండి ‘టియర్స్ ఇన్ హెవెన్’ అను పాట పుట్టినది. ఏడాది తిరుగకముందే, 1992 జనవరిలో, ఆయన కొద్దిమంది శ్రోతల యెదుట కుర్చీలో కూర్చుండి దానిని పాడెను. లోకమంతయు ఆ పాటను విన్నది. 1993లో దానికి గ్రామీ బహుమతులును వచ్చినవి. అటుపిమ్మట ఎన్నో యేండ్లు ఆయన దానిని కచేరీలలో పాడుచునే యుండెను. కాని 2004లో మానివేసెను. ఆ పాట పాడుటకు ఏ వేదన కావలెనో అది తనలో మిగిలి లేదనియు, దానిని మరల పిలుచుకొనుటకు తనకు ఇష్టము లేదనియు ఆయన చెప్పిన కారణము. కొడుకును మరచెనని దీని యర్థము కాదు. గాయము మానినది. మానిన గాయమును ప్రతి రాత్రియు గిల్లి నెత్తురు చూపుట ఆయనకు సమ్మతము కాలేదు.

ఈ నిర్ణయమున గొప్ప నిజాయితీ గలదు. అయితే దీనినే అందరికిని నియమముగా చేసినచో చిక్కు వచ్చును. కట్టినవాడే తన పాటను పాడుటకు అర్హుడు కానిచో, ఎనిమిది వందల యేండ్ల క్రిందటి అక్క మాటను నేటి గాయకుడు ఏ యధికారముతో నోట పలుకును? వచనములన్నియు తాళపత్రములయందే యుండిపోవలసి వచ్చును.

ఇచట కల్యాణమునందలి అనుభవ మంటపమును స్మరింపవలెను. శూన్యసంపాదనము చెప్పిన ప్రకారము అక్క అచటికి వచ్చినపుడు శరణులందరు కూర్చుండియుండగా అల్లమ ప్రభువు ఆమెను నిలిపి ప్రశ్నించెను. నీ భర్త యెవ్వరు? దేహభ్రాంతి వీడినదాని వైతే ఈ కురులతో దేహమును కప్పుకొనుట ఎందులకు? కఠినమైన ప్రశ్నలు. ఒక యువతిని నిండు సభలో అడుగదగినవి కావని కూడ ఎవరికైనను తోచును. ఆమె వెనుదీయలేదు. కప్పుకొనుట తన కొరకు కాదనియు, చూచువారి మనస్సు నొచ్చి చలింపకుండుటకనియు బదులు చెప్పెను.

అనగా, పెద్దలు ఏకాంతమని భావించు మాటలలో కొన్ని మొదటనే సభలో పుట్టినవి. అక్క తన అంతరంగమును దాచలేదు. విప్పి పరచనూ లేదు. నిజమును పూర్తిగా పలికి, వినువారిని తలచుకొని ఒక తెర వేసినది.

రాగము గాయకునికి ఆ కురుల వంటిది. సంగీతశాస్త్రపు లెక్కలకంటె భక్తినే ముందుంచిన వచనము బసవేశ్వరునిదే యొకటి గలదు గదా, మరి రాగతాళముల పట్టుదల ఎందులకని అడుగువారు గలరు. వారు రాగమును ఆభరణమని తలచుచున్నారు. ఆభరణమైనచో తీసివేయవచ్చును. అది ఆచ్ఛాదనము. దుఃఖమును దాని వెనుక నిలిపినపుడే వినువాడు కన్నులు దించుకొనక వినగలడు. ధారవాడకు సమీపమున మన్సూరు గ్రామమున 1910లో జన్మించి 1992లో లింగైక్యము చెందిన మల్లికార్జున మన్సూరు పాడిన వచనముల రికార్డులను విన్నవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఆయన కంఠము ఏడ్పు నభినయింపదు. స్వరము స్వరముగా నిలుచును, మాట మాటగా వినవచ్చును. ఆ గాయకునికి ఆనాడు కన్నీరు వచ్చెనా లేదా అని విచారించుటకు తావే యుండదు.

అబద్ధము వేరొక చోట నున్నది. వేదన లేనిచో గాయకుడు నటించుట అబద్ధము. పాఠశాలల వార్షికోత్సవములలో దీనిని చూడవచ్చును. పదేండ్ల బాలికకు అక్క వచనమును నేర్పి, ఏ పాదమున కన్నులు మూయవలెనో, ఎచట గొంతు వణికింపవలెనో నేర్పుదురు. భావమునకు పది మార్కులని ముందే యుండును. ఆ పిల్లకు ఇంకను విరహము తెలియదు, తెలియవలసిన వయస్సును కాదు. శ్రుతి తప్పక, మాట మ్రింగక పాడినచో ఆమె పలికినది నిజమే యగును. వణుకు నేర్పినవారే దానిని చెరచిరి.

క్లాప్టన్ పాటయందే గమనింపదగిన మరియొక సంగతి గలదు. దానిని రచించునపుడు ఆయన విల్ జెన్నింగ్స్ అను గీతరచయితను తోడు పిలిచెను. ఇంత సొంతమైన దానిని తండ్రియే వ్రాసికొనవలెనని జెన్నింగ్స్ మొదట వెనుకాడెను, తుదకు ఇద్దరును కలిసి ముగించిరి. తన శోకమునకు తానొక్కడే చాలనని ఆ తండ్రికి ఆనాడే తెలిసినది కాబోలు. 2013లో ఆయన ఆ పాటను మరల కచేరీలలో పాడసాగెను. పోయిన వేదన తిరిగి వచ్చెనని అనుకొనుట కంటె, వేదన లేకయు పాట నిలువగలదని ఆయన గ్రహించెనని అనుకొనుట సమంజసముగా నుండును.

ఇక కరతాళధ్వనుల మాట. అల్లముడు వినినది మెచ్చుటకు కాదు, పరీక్షించుటకు. నేటి సభికునికి ఆ యధికారము లేదు, అడుగుటకు అక్క యెదుట లేదు. శ్రీశైలమునకు ఎక్కిపోవు యాత్రికులు తుమ్మెద పదములు, ప్రభాత పదములు, శంకర పదములు పాడుచు పోవుటను పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పేర్కొనెను. కట్టిన వారెవరో కాని, ఆ పదములు నడచు వారందరి నోట నుండెను. అందులో పాడువా డొకడు, వినువా రొకరు అను భేదము లేదు. కొండ యెక్కుచు పాడువారికి చప్పట్లు కొట్టుటకు ఆగువారెవ్వరు? ఊపిరి అందినంత వరకు పాడి, అందనిచో ప్రక్కవాడు ఎత్తుకొనుట. అక్కయు ఆ కొండకే నడచి పోయినది.