ఆశుపద్యమునకు కర్త యెవరు?

అవధానసభలో ప్రశ్న లడుగు పృచ్ఛకుఁడు కోరిన తోడనే, కాగితమును కలమును లేక, నిండుసభలో అవధాని నోట వెలువడు పద్యమునకు కర్త అతఁడేనా, లేక అతనిలో నుండి పలికించు వేఱొక శక్తియా యను ప్రశ్న ఈ యవధానవిద్య నెఱిఁగిన ప్రతివానికిని ఎప్పుడో యొకప్పుడు కలుగక మానదు.

అవధాని యొక్కొక్క యక్షరము పలుకఁగనే, తరువాత రాఁదగిన యక్షరమును పృచ్ఛకుఁడు నిషేధించు నిషిద్ధాక్షరిని చూడుఁడు: అవధాని ‘శ్రీ’ యని యారంభింపఁగనే, రామశబ్దము రానున్నదని శంకించి పృచ్ఛకుఁడు రేఫమును నిషేధించును, అవధాని ‘గౌ’ యనఁగా, గౌరి రాఁగలదని మరల రేఫమునే నిషేధించును, అప్పు డవధాని తకారము పలికి, క్షణము క్రిందట తలఁపులోనైన లేని గౌతమీతీరమును చేరును. దారి మూసినవాఁడే క్రొత్త దారికి కారణమగుట నాకు పరమాశ్చర్యముగాఁ దోఁచును. అభ్యాసము లేనివానికి ఇది సాధ్యము గాదు, నిజమే; కాని ఆ గౌతమిని అభ్యాసమే తెచ్చినదని చెప్పుటకు నాకు మనసొప్పదు; దానిని వాగ్దేవి యనుగ్రహ మనియే నమ్ముదును.

పిల్లలకు ‘బడి, గొడుగు, పిల్లి, దీపము’ అను మాటలిచ్చి సీతాన్వేషణమును వర్ణింపుఁడన్నను (ఇచ్చిన పదములను పద్యమున నిమిడ్చు దత్తపదియే యది) ఛందస్సు తప్పినను సరే, వారికిని ఈ యనుభవమే కలుగును: ‘పిల్లి’ దగ్గఱ తడఁబడి, అంతలో హనుమంతుఁడు పిల్లియంత రూపముతో లంకఁ జొచ్చిన ఘట్టము స్ఫురింపఁగా వారి కన్నులు మెఱయును.

అవధానములలో జంటగా పద్యములు చెప్పిన తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి గతించిన పిమ్మటను చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలను జంటపేరనే వెలయించెను; అందు స్నేహముతోపాటు, పద్యము నా యొక్కనిదే యని పలుకనొల్లని వినయమును నాకుఁ గానవచ్చుచున్నది.