తులాధారుడి త్రాసు, నా పాత చందమామలు



పోయిన ఆదివారం మన ఛానల్లో తులాధారుడి కథ చూసే ఉంటారు. ఈ వీడియోలు ఎడిట్ చేసే ఇద్దరిలో నేనొకణ్ణి. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారం రాత్రి ఈ పని. నిజం చెప్పాలంటే ఎడిటింగ్‌లో ఉన్నప్పుడు కథ బుర్రలోకి వెళ్ళదు. ఎక్కడ దగ్గు వచ్చింది, ఎక్కడ ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది, ఇదే చూస్తాం. ఈసారి మాత్రం ఒక చోట ఆగిపోయి, వెనక్కి తిప్పి నాలుగైదు సార్లు విన్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా పిచ్చి గురించి చెప్పాలి.

నాకు పాత చందమామలు పోగేసే అలవాటు ఉంది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టిన చందమామే. మా తరం వాళ్ళకి అది చివరి రోజుల్లో మాత్రమే తెలుసు. నేను వెతికేది 1950ల, 60ల సంచికలు. కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వం చూసుకున్న కాలం, దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళకి చిత్రా బొమ్మలు వేసిన కాలం. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గారు గీసిన బొమ్మ చూడని తెలుగు ఇల్లు ఉండదనుకుంటాను. హైదరాబాదులో ఆదివారం పూట అబిడ్స్ పేవ్‌మెంటు మీద పుస్తకాలు పరుస్తారు కదా, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ మొదలైంది ఈ జబ్బు. ఇప్పుడు నా దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉంది. నెల, సంవత్సరం, అట్ట ఉందా లేదా, లోపల ఏ పేజీ చిరిగింది, ఎంతకి కొన్నాను, ఇప్పుడు ఎంత పలుకుతుంది. ఈ ఆఖరి కాలమ్ దగ్గరే వచ్చింది చిక్కంతా.

రెండేళ్ళ క్రితం దసరాకి తెనాలిలో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. చక్రపాణి గారిదీ, కుటుంబరావు గారిదీ ఆ ఊరే, కాబట్టి అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాకు ఏదో ఆశ. ఈసారి ఆశ ఫలించింది. పక్కింటి మామ్మగారు ఇల్లు అమ్మేసి హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు, అటక మీద ట్రంకు పెట్టె నిండా చందమామలు ఉన్నాయట. వెళ్ళి మూత తీశాను. 1956 నుంచి 67 దాకా పన్నెండు సంపుటాలు. ఒక్క నెల కూడా తప్పలేదు. వాళ్ళాయన బడిపంతులు. ఏడాదికి పన్నెండూ కలిపి సూదీ దారంతో స్వయంగా కుట్టి, పైన క్యాలికో గుడ్డ అంటించి, తెల్ల పెయింటుతో సంవత్సరం రాసుకున్నారు.

"పాత పేపర్లబ్బాయి కిలో పన్నెండు అంటున్నాడు బాబూ. వాడికి వెయ్యాలంటే ప్రాణం ఒప్పడం లేదు. నువ్వయితే చదువుకుంటావు, తీసుకుపో" అన్నారు మామ్మగారు.

నేను రెండు వేలు తీసి ఇచ్చాను. ఆవిడ లెక్కపెట్టి, అందులోంచి అయిదు వందలు తీసి నా జేబులో కుక్కారు. "కాగితాలకి ఇంత ఎందుకు నాయనా, ఉంచుకో" అని.

ఆ నిమిషంలో నాకు తెలుసు, ఆ పెట్టెలో ఒక్కో సంచిక ఎంతకి పోతుందో. మాట్లాడలేదు. ఆ అయిదు వందలు కూడా జేబులో పెట్టుకునే వచ్చేశాను.

మా అమ్మ వాదన ఇది: "వాడికి వేస్తే నూట డెబ్బయ్యో ఎంతో వచ్చేవి. నువ్వు పదిహేను వందలు ఇచ్చావు. ఆవిడ సంతోషంగా ఇచ్చింది. ఇందులో పాపం ఏముందిరా?" అమ్మ మాట తీసిపారెయ్యడానికి లేదు. నేను వెళ్ళకపోతే అవి పొట్లాలు అయ్యేవి. పైగా ఏ సంచిక అరుదైనదో తెలుసుకోవడానికి నేను ఎన్ని ఆదివారాలు ఎండలో తిరిగాను? ఆ తెలివి నా కష్టార్జితం. ఆవిడ చేతిలో చిత్తుకాగితం, నా చేతిలో నిధి. మధ్యలో పెరిగిన విలువ నాదే కదా!

ఇలా చెప్పుకుంటూ రెండేళ్ళు గడిపేశాను. అంతటితో ఆగలేదు. ఒకాయన 1958 సంచికలు మూడు కావాలని గట్టిగా అడిగితే, ఆ సంపుటం కుట్టు బ్లేడుతో కోసి మూడూ విడదీసి ఇచ్చాను. అయిదు వేల నాలుగు వందలు వచ్చాయి. కోస్తున్నప్పుడు దారం ముడి చూశాను. రెండు పోగులు కలిపి, మైనం పట్టించి వేసిన ముడి అది. అరవై ఏళ్ళయినా వదులవ్వలేదు.

ఇప్పుడు తులాధారుడి దగ్గరికి వస్తాను. శాంతిపర్వం కథ మీకు తెలిసిందే. జాజలి కదలకుండా తపస్సు చేస్తుంటే ఆయన జటల్లో పక్షులు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి ఎగిరిపోయాయి. ధర్మం అంటే నాదే అని ఆయన పొంగిపోతే, కాశీలో తులాధారుడనే వర్తకుడున్నాడు, ఆయనకి నువ్వు సాటి రావని ఆకాశం నుంచి వినిపించింది. తీరా వెళ్తే ఆయన మూలికలు, సుగంధద్రవ్యాలు అమ్ముకుంటున్నాడు. నా త్రాసు అందరికీ సమంగా ఉంటుంది, ఒకరి దగ్గర కొని మోసం లేకుండా ఇంకొకరికి అమ్ముతాను, ఇదే నా ధర్మం అన్నాడు. నేను వెనక్కి తిప్పి తిప్పి విన్నది ఇక్కడే. అమ్మేటప్పుడు మోసం చెయ్యకూడదని చిన్నప్పటి నుంచీ విన్నాం. కొనేటప్పటి సంగతో?

అన్ని బేరాలూ ఒకటి కాదని నా అభిప్రాయం. అబిడ్స్‌లో పుస్తకాలమ్మే ఆయనతో నేను పది రూపాయల దగ్గర కూడా గీచి గీచి బేరమాడతాను, ఏ బాధా లేదు. ఆయన వ్యాపారి. నా మొహం చూసి రేటు చెప్తాడు. ఒకసారి ఆయన నాకు అట్ట మార్చిన సంచిక అంటగట్టాడు, ఇంకోసారి ఆయనకి తెలియని సంచిక నేను కొట్టేశాను. ఆట ఇద్దరికీ తెలుసు. మామ్మగారికి అక్కడ ఆట జరుగుతోందనే తెలియదు. నేను నోరు విప్పితే ఆ బేరం అక్కడే మారిపోయేది. ఒకరు నోరు మూసుకున్నంత సేపే నిలబడే బేరంలో, ఆ మౌనం కూడా త్రాసులో ఒక రాయే. అది నా వైపు వేసుకున్నాను.

ఇంకా లోపలికి వెళ్తే నన్ను ఎక్కువ గుచ్చేది డబ్బు కాదు. ఆవిడ నాకు తగ్గించి ఇచ్చింది ఎందుకు? చదువుకుంటాననీ. నేను ఏం చేశాను? ఒక్కో సంపుటానికీ ప్లాస్టిక్ కవరు తొడిగి, లోపల సిలికా జెల్ పొట్లం పడేసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. చవక కాగితంలో చెక్కగుజ్జుతో పాటు లిగ్నిన్ ఉంటుంది, ఆమ్లం ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ పసుపు తిరిగి, పెళుసై విరిగిపోతుంది. కాబట్టి కాపాడటం తప్పు కాదు. కానీ రెండేళ్ళలో నేను వాటిలో ఒక్క కథ కూడా పూర్తిగా చదవలేదండి. పేజీలు లెక్కపెట్టాను, అంతే.

ఇది నా ఒక్కడి జబ్బు కాదులెండి. 1938లో అమెరికాలో పది సెంట్లకి అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించింది అందులోనే, 2014లో ముప్పై రెండు లక్షల డాలర్లకి పోయింది. అంత విలువ ఎందుకంటే మిగతావి దాదాపు అన్నీ పోయాయి కనుక. పిల్లలు చదివి చింపేశారు, అమ్మలు పారేశారు, యుద్ధకాలంలో పాత కాగితం సేకరణకి ఇచ్చేశారు. ఇప్పుడు అక్కడ అలాంటి సంచికలకి మార్కులు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తారు. తెరిచి చదివితే ఆ మార్కులు చెల్లవు. పిల్లలు చదువుకోవడానికి వేసిన పుస్తకానికి చదవకూడదన్న షరతు!

వినాయక చవితికి మనం ఏటా అక్షింతలు పట్టుకుని వినే శమంతకమణి కథ ఈమధ్య వేరేగా వినిపిస్తోంది నాకు. రోజూ బారువల కొద్దీ బంగారం ఇచ్చే మణి. సత్రాజిత్తు కృష్ణుడు అడిగినా ఇవ్వలేదు. తమ్ముడు ప్రసేనుడు మెడలో వేసుకుని అడవికి వెళ్ళి సింహం చేతిలో పోయాడు. కృష్ణుడికేమో లేనిపోని నింద. అందరినీ ఏడిపించిన ఆ మణిని జాంబవంతుడు ఏం చేశాడండీ? తీసుకెళ్ళి పిల్ల ఊయలకి ఆటవస్తువుగా కట్టాడు. ఆ కథ మొత్తంలో మణితో హాయిగా ఆడుకున్నది ఆ గుహలో పిల్ల ఒక్కతే.

పోయిన నెల పిన్ని దగ్గర అడ్రసు తీసుకుని నిజాంపేటలో మామ్మగారి కొడుకు ఫ్లాటుకి వెళ్ళాను. అయిదు వేల నాలుగు వందలూ, ఆ జేబులో కుక్కిన అయిదు వందలూ కవర్లో పెట్టి, 1961 సంపుటం సంచిలో వేసుకుని. జరిగింది చెప్పాను. ఆవిడ నన్ను మెచ్చుకుంటారనో, వద్దు నాయనా అంటారనో లోపల ఎక్కడో ఉంది, దాచుకోవడం ఎందుకు. ఆవిడ అలాంటిదేమీ చెయ్యలేదు. కవరు తీసుకుని లెక్కపెట్టుకుని బొడ్లో దోపుకున్నారు. "అంత పలుకుతాయా! ఆయన ఉంటే నన్ను కేకలేసేవారు" అన్నారు. తర్వాత, "కుట్టు ఎందుకు కోశావు?" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మిగతావి చదివావా అని కూడా అడిగారు. లేదన్నాను. కళ్ళజోడు పెట్టుకుని 1961 సంపుటం విప్పారు. మనవడికి ఎనిమిదేళ్ళు, ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. జంతికలు తింటూ వచ్చి పక్కన కూలబడ్డాడు. ఆవిడ బేతాళ కథ చదువుతుంటే వాడు ఆగలేక, నూనె చేత్తోనే పేజీ తిప్పాడు. మూల పుటుక్కున విరిగి చాప మీద పడింది. నా చెయ్యి ముందుకు వెళ్ళిపోయింది, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. మామ్మగారు చూశారు, ఏమీ అనలేదు. "ఊఁ, తర్వాత శవం ఏమందీ" అన్నాడు వాడు.

ఆ సంపుటం వాళ్ళింట్లోనే ఉంది. తక్కిన పదకొండూ నా బీరువాలోనే ఉన్నాయి. ఇచ్చెయ్యడానికి మనసు రాలేదు. 1956 జనవరి నుంచి రాత్రికో కథ చదువుతున్నాను. ఎక్సెల్ షీట్‌లో ఆఖరి కాలమ్ తీసెయ్యాలనుకుని రెండుసార్లు సెలెక్ట్ చేశాను. ఇంకా తియ్యలేదు.