మంగళవాద్యము మౌనము వహించిన వేళ

వైష్ణవాగమములందు ఉత్సవారంభము భేరీనాదముతో ముడివడియున్నది. ధ్వజారోహణదినమున గరుడపటము స్తంభాగ్రమున నిలిచిన పిదప భేరిని పూజించి, దానిని మ్రోగించి, ఇంద్రాది దిక్పాలకులను, సమస్త దేవగణములను, వారివారికి విధింపబడిన తాళములతో స్వామి ఉత్సవమునకు రమ్మని పిలుతురు. మంత్రము ఆచార్యునిది, ద్రవ్యము యజమానునిది. కాని పిలుపు మాత్రము వాద్యకారుని చేతిలో నున్నది. తోలుమీద దెబ్బ పడనిదే ఆహ్వానము పూర్తి కాదు.

ఇంతటి పని చేయువానిని లోకము ఏ దృష్టితో చూచుచున్నది? సన్నాయి విద్వాంసుని పేరు పదిమందికి తెలియును. 1924లో కరవది గ్రామమున జన్మించి, శ్రీరంగమున స్థిరపడి, రామభక్తితో నాదస్వరమును ఉపాసించిన షేక్ చినమౌలానాగారి పేరు ఎరుగనివారు సంగీతాభిమానులలో అరుదు. ఆయన ప్రక్కన నిలిచి డోలు వాయించినవారి పేర్లు అడిగినచో చెప్పగలవారెందరు? డోలు మోయువాడు ఎప్పుడును ప్రక్కవాడే.

కోనసీమలో ఒక గ్రామమందు వేణుగోపాలస్వామి ఆలయము కలదు. అచట మేళము వాయించు వంశమునకు చెందిన డోలు విద్వాంసుడు ఏబదియేండ్లు దాటినవాడు. తండ్రివద్ద ఏడవయేట అభ్యాసము మొదలిడెను. పనసకొయ్య తొలిచి చేసిన డోలు బరువు భుజమునకు అలవాటగుటకే కొన్ని సంవత్సరములు పట్టును. కుడిచేతి వ్రేళ్ళకు గట్టి తొడుగులు ధరించి ఒక ముఖమును, ఎడమచేత పుల్ల పట్టి రెండవ ముఖమును వాయింపవలెను. రెండు చేతులు వేర్వేరు బలములతో ఒకే లయలో నడువవలెను. సుప్రభాతమునకు, మధ్యాహ్న నివేదనకు, రాత్రి పవళింపుసేవకు వాయించుట అతని నిత్యవిధి. అందుకు ఆలయమునుండి వచ్చు భృతి మిక్కిలి స్వల్పము. ఇల్లు నడచునది దానితో కాదు. శ్రీరామనవమి కల్యాణములు, చుట్టుప్రక్కల తిరునాళ్ళు, వైశాఖ జ్యేష్ఠముల పెండ్లిండ్లు, వీనితోనే. మూడునెలల సంపాదనను పండ్రెండు నెలలు తినవలెను. దేవుని కొలువు పేరుకు, పెండ్లిమేళము కూటికి అని అతడే నవ్వుచు చెప్పెడివాడు.

2020వ సంవత్సరము మార్చి 24వ తేదీ రాత్రి దేశమంతటను లాక్‌డౌన్ ప్రకటింపబడెను. మరునాడే శార్వరి నామ సంవత్సర ఉగాది. పంచాంగశ్రవణమునకు మేళము వాయింపవలసిన సమయమున ఆలయద్వారములు భక్తులకు మూతపడియుండెను. తిరుమలలో మార్చి 20వ తేదీననే భక్తుల దర్శనము ఆగిపోయెను. ఏప్రిల్ 2న భద్రాద్రిరాముని కల్యాణము జనసమూహము లేక ఆలయమందే జరిగెను. లోపల అర్చకులు ఏకాంతముగా ఆరాధనము సాగించుచునే యుండిరి. ఈ చిన్న ఆలయమునకును అర్చకస్వామి యొక్కడే వెళ్ళి వచ్చెడివాడు. మేళమును రావలదని పెద్దలు చెప్పిరి. ఆ మాటలో తప్పు లేదు. ఊపిరితో పలుకు సన్నాయియు, పదిమందిని ఒకచోట చేర్చు డోలును ఆ వ్యాధికాలమున కూడనివే.

అయినను హారతివేళకు ఒక శబ్దము వినవచ్చెడిది. దాత యొకరు పూర్వము సమర్పించిన విద్యుత్ యంత్రమది. మీట నొక్కినంతనే గంటను, నగారాను, తాళమును తనంత తానే మ్రోగించును. నేడు పలు ఆలయములందు అట్టివి కలవు. ఇంటి అరుగుమీద కూర్చున్న డోలు విద్వాంసుని చెవికి ఆ శబ్దము పూటపూటకు సోకుచుండెను.

ఆ వేసవిలో అతనికి పదునాలుగు పెండ్లిండ్లు కుదిరి, అన్నింటికిని బయానా ముట్టియుండెను. కొన్ని వాయిదాపడెను. కొన్ని, ఏబదిమందికి మించరాదను నిబంధన వచ్చిన పిదప, ఇంటిముంగిటనే సెల్‌ఫోనులోని సన్నాయిపాటతో ముగిసెను. మాంగల్యధారణసమయమున గట్టిమేళము వాయించుట అశుభశబ్దమేదియు వధూవరుల చెవిని పడకుండుటకని పెద్దలు చెప్పుదురు. అరచేతిలోని పెట్టె ఆ పనిని ఎంతవరకు చేయగలదో ఆ గృహస్థులే ఆలోచింపవలెను. బయానా తిరిగి యిమ్మని నలుగురు కబురుపంపిరి. వారిలో ఒకరు కడు సంపన్నులు. వంటవారికిచ్చిన బయానాను మారుమాట లేక వదలుకొన్నవారే. అతడు భార్య గాజులు కుదువబెట్టి ముగ్గురికి చెల్లించెను. నాలుగవవారికి గడువు కోరెను. కుమార్తె పెండ్లి నిలిచిపోయిన ఒక వితంతువు మాత్రము, "ఉంచుకో నాయనా, నీవు స్వామికి వాయించినట్లే నేననుకొంటాను" అని చెప్పి పంపినది.

శ్రావణమున ముహూర్తములున్నను మేళము పిలిచినవారు ఇద్దరే. పిమ్మట భాద్రపదము. దానిమీద ఆ యేడు అధిక ఆశ్వయుజము వచ్చి, అక్టోబరు నడుమవరకు పెండ్లిమాటయే లేకపోయెను. ఆ అధికమాసము వలననే తిరుమలలో సెప్టెంబరు, అక్టోబరు నెలలందు రెండు బ్రహ్మోత్సవములు వచ్చెను. రెండును మాడవీథులలో వాహనసేవలు లేక ఏకాంతముగా జరిగెను. విద్వాంసుని అన్నగారి క్షౌరశాలయు నెలలతరబడి మూతపడుటచే అటునుండియు ఆదరువు లేదు. కుమారుడు సైకిలుమీద కూరగాయలు అమ్మనారంభించెను.

ఈ కాలమంతటను అతడు డోలు వాయింపలేదు. ప్రక్కయింట జ్వరపీడితులుండగా అంత శబ్దము చేయుటకు మనసొప్పలేదు. సుప్రభాతవేళకు లేచి, స్నానము చేసి, అరుగుమీద ఒక చెక్కపలక పెట్టుకొని దానిపై మెల్లగా పాఠములన్నియు వాయించెడివాడు. సాధన విడిచినచో వ్రేళ్ళ కాయలు మెత్తబడును. మెత్తబడిన వ్రేలు మరల గట్టిపడుటకు చాలకాలము పట్టును. "ఎవరు వినాలని ఇదంతా?" అని భార్య యొకనాడు అడిగినది. తినుటకు బియ్యము తక్కువైన దినమున ఆమె అడిగిన ప్రశ్న అది. దానిని తేలికగా కొట్టివేయరాదు.

వరాహపురాణమందలి కైశికమాహాత్మ్యము ఈ ప్రశ్నకే సమాధానము. కార్తిక శుద్ధ ద్వాదశినాడు తిరుమలలోను, ఇతర దివ్యదేశములలోను ఆ కథను స్వామి సన్నిధిని పఠింతురు. తిరుక్కురుంగుడి క్షేత్రమున పాణకులమునకు చెందిన నంపాడువాన్ అను భక్తుడు ఆలయమునకు వెలుపల నిలిచి రాత్రులందు స్వామిని గానము చేసెడివాడు. ఆ వేళ వినుటకు మానవమాత్రుడెవ్వడును లేడు. ఏకాదశిరాత్రి దారిలో ఒక బ్రహ్మరాక్షసుడు ఆకలితో అతనిని పట్టుకొనగా, పాడి వచ్చెదనని శపథములు చేసి వెళ్ళి, పాడి, తినబడుటకై తిరిగి వచ్చెను. అప్పుడు రాక్షసునికి మాంసముమీద కోరిక తొలగి, ఒక్క పాటయొక్క ఫలమైనను ఇమ్మని ప్రార్థించెను. నంపాడువాన్ మొదట అంగీకరింపలేదు. పిదప జాలిపడి కైశికరాగమున పాడిన గీతఫలమును ధారపోయగా రాక్షసత్వము వదలెను. ఎవ్వరును వినని పాటకు అంతటి ఫలమున్నప్పుడు చెక్కపలకమీది జతులకు లేదనుట ఎట్లు?

అయితే ఇచట ఒక కుతర్కము బయలుదేరును. సేవయే ఫలమైనచో భృతి యెందుకని కొందరు ధర్మకర్తలు కూడ అనుట కలదు. భగవద్రామానుజులు శ్రీరంగమున ఆలయపరిచారకులను పది వర్గములుగా ఏర్పరచి వారి విధులను నిర్ణయించిరని కోయిల్ ఒళుగు చెప్పుచున్నది. ఆలయమనగా విమానగోపురములు మాత్రమే కాదు, ఆ చేతులన్నియు కూడ. అర్చకునికి సంభావన కలదు, వంటస్వామికి ప్రసాదమున వంతు కలదు. అందుచేత వారి భక్తి తగ్గినదని ఎవరును అనరు. ఫలము కోరరాదని శాస్త్రము వాయించువానికి చెప్పినది, ఇవ్వవలసినవానికి చెప్పలేదు. వేలకువేలు పందిరికి, దీపములకు వెచ్చించి, మేళము దగ్గరకు వచ్చుసరికి బేరమాడు గృహస్థులు దీనిని గమనింపవలెను.

2020 జూన్ 8 నుండి ఆలయములు క్రమముగా తెరువబడెను. తిరుమలలో జూన్ 11 నుండి సామాన్యభక్తులకు దర్శనము లభించెను. కోనసీమ ఆలయమున ధర్మకర్తలు సమావేశమై, యంత్రముండగా మేళమునకు నెలనెల వ్యయమేలని చర్చించిరి. అర్చకస్వామి, "అయ్యా, ఏ సేవకైనను సంకల్పము చెప్పుకోవాలి. ఆ యంత్రముచేత సంకల్పము ఎవరు చెప్పిస్తారు?" అని మాత్రము అనెను. భృతి పెరగలేదు గాని నిలిచినది.

2021 మే 5 నుండి ఆంధ్రప్రదేశ్‌లో పగటి కర్ఫ్యూ వచ్చినప్పుడు మరల అదే దుస్థితి. ఆ నెలలోనే సన్నాయి వాయించు పినతండ్రి కుమారుడు ఆ వ్యాధితో పరమపదించెను. అశౌచము తీరి, ఆలయమునకు రావచ్చునని పిలుపు వచ్చిన పిదప కొన్ని నెలలు సుప్రభాతమునకు డోలు ఒక్కటే మ్రోగెను. సన్నాయి పలుకవలసిన చోటులందు అతడు ఆవర్తములు లెక్కించుచు ఊరకుండి, తన వంతు వచ్చినప్పుడు మాత్రమే వాయించెడివాడు. నాలుగవవారి బాకీ 2022 వైశాఖమున వారి చిన్నకుమార్తె పెండ్లిలో వాయించి తీర్చెను. కుమారుడు ఉదయము కూరగాయలు అమ్మి, సాయంకాలము తాళము పట్టుకొని తండ్రివెంట ఆలయమునకు వచ్చుచున్నాడు. గాజులు ఇంకను విడిపింపబడలేదు.