వెనకవాళ్ళ అద్దం

ఆడవాళ్ళు అద్దం చూసుకుంటే సోకు, మగవాళ్ళు బండి నడుపుతూ అద్దం చూసుకుంటే జాగ్రత్త అని లోకం ఏనాడో తీర్మానించేసింది. కానీ 1909లో ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అనే ఆవిడ, స్త్రీలు కారు నడపడం గురించి పుస్తకం రాస్తూ, చిన్న చేతి అద్దం ఒకటి దగ్గర ఉంచుకోమనీ, రద్దీలో అప్పుడప్పుడూ దాన్ని పైకెత్తి వెనక ఏమొస్తోందో చూసుకోమనీ సలహా ఇచ్చింది. మన మొహం చూసుకునే వస్తువులో పరాయివాళ్ళని చూడమందన్నమాట.

మా బావగారి పాత మారుతీ ఓమ్నీ ఎక్కినప్పుడల్లా నాకావిడ గుర్తొస్తుంది. ఆయన వెనక సీట్లు తీయించి, బల్లచెక్క వేయించి, దాని కింద గ్యాసు పొయ్యికీ నీళ్ళ డబ్బాలకీ చోటు చేయించారు. శ్రీశైలమైనా తిరుపతైనా అందులోనే వంట, అందులోనే పడక. సత్రంలో గది కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదని ఆయన ధీమా. అంతా బాగానే ఉంది గానీ, సైడు అద్దాలు రెండూ వదులు. బండి కాస్త వేగం అందుకుందంటే కుడివైపుది చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఎడమవైపుది మెల్లగా తల వాల్చేసి రోడ్డు పక్క గడ్డిని చూపిస్తుంది.

"అద్దంతో పనేముంది, మీ అక్కయ్య ఉందిగా" అనేవారు బావగారు.

ఉంది. ఎడమ సీట్లో కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆగండి, స్కూటరు వస్తోంది", "ఆఁ, ఇప్పుడు పోనివ్వండి" అంటూ ఉంటుంది, లారీకి క్లీనరులాగా. ఆ వ్యాను కొన్న పదిహేనేళ్ళలో ఏ ప్రయాణంలోనూ ఆవిడ కునుకు తీసి ఎరగదు. వ్యాను లేని ఇళ్ళలోనూ ఈ ఉద్యోగం ఉండే ఉంటుంది లెండి. పిల్లాడి మార్కులు తగ్గడం, పాలవాడి బాకీ, అత్తగారి అలక అన్నీ వెనకనుంచి వచ్చేవే. కనిపెట్టి చెప్పేది ఇల్లాలు, స్టీరింగు మరొకరిది.

ఒకరోజు అక్కయ్యకి కన్ను మూతపడిందనుకోండి. సరిగ్గా అప్పుడే బావగారు బండి ఎడమకి తిప్పారు, సైకిలు మీద పోతున్న మనిషికి దెబ్బ తగిలింది. తప్పెవరిది? "నువ్వు చెప్పలేదేం?" అనే మాట ముందు వస్తుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. "నాకు కనపడలేదు" అన్నది రెండో మాట. కనపడకపోవడం వేరు, కనపడే ఏర్పాటు చేసుకోకపోవడం వేరు. మొదటిది దురదృష్టం. రెండోది తెలిసి చేసిన పని. దెబ్బ తగిలిన రోజున కాదు, అద్దం వాలిపోయిందని చూసి కూడా "తర్వాత చూద్దాంలే" అన్న రోజునే ఆ తప్పు జరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ సైకిలువాడు అటు రాకపోవడం బావగారి అదృష్టమే గానీ మంచితనం కాదు.

పోనీ, అసలు అద్దమే లేకపోతే మనిషి మెడ తిప్పి చూస్తాడు. వదులు అద్దం ఉంటే దానివైపు ఒక చూపు విసిరి, చూసేశాననుకుంటాడు. 1911లో అమెరికాలో ఇండియానాపొలిస్ అయిదు వందల మైళ్ళ పందెంలో, వెనక ఎవరొస్తున్నారో చెప్పడానికి మిగతావాళ్ళు పక్కన ఒక మెకానిక్కుని కూర్చోబెట్టుకుంటే, రే హారూన్ అనే ఆయన అద్దం బిగించుకుని ఒక్కడే వచ్చాడు. గెలిచాడు కూడా. ఇటుకలు పరిచిన ఆ బాట మీద అద్దం అదిరిపోయి తనకేమీ కనపడలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు! గెలిచాడు గనక అది ముచ్చటయింది.

చివరికి అక్కయ్య పోరు పడలేక బావగారు గౌలిగూడ బయల్దేరారు. ఓమ్నీల తయారీ 2019లోనే ఆగిపోయింది, పాత సామాను వెతుక్కోవాల్సిందే. గౌలిగూడ బస్‌స్టాండు షెడ్డు గుర్తుందా? నిజాం కాలంలో విమానాల కోసం కట్టిందట. 2018 జూలైలో కూలిపోయింది. ముందే బస్సుల్ని బయటికి తప్పించారు గనక ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరో ఒకరు తలెత్తి చూశారన్నమాట.

ఆ దగ్గర్లోనే ఒక సందులో మెకానిక్కు అద్దం ఊడదీసి చూపించాడు. వెనక గోళీలాంటిది ఒకటి చిన్న గిన్నెలో కూర్చుని ఉంటుంది. అదురుకి ఆ గిన్నె అరిగిపోయింది. సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి అందులో పెట్టాడు, తలుపు రేకు దగ్గర వాషరు వేసి మరలు బిగించాడు.

"ఇంకాస్త గట్టిగా బిగించు" అన్నారు బావగారు.

"మస్తు గట్టిగ వద్దు సార్. ఎవడన్న తాకిస్తె ముడుచుకోవాలె. లేకుంటె రేకు చిరుగుతది" అన్నాడతను. పైగా బావగారు సీట్లో కూర్చుంటే తప్ప అద్దం సరిచేయనన్నాడు. ఎవరి కంటికి వాళ్ళదేనట, అక్కయ్య కూర్చుని చెబితే కుదరదట. ఎంత సరిగ్గా పెట్టినా తలుపు పక్కన కొంత మేర ఏ అద్దంలోనూ కనపడదు, మెడ తిప్పాల్సిందే అన్నాడు. బావగారికి మెడనొప్పి.

కిందటి నెల భద్రాచలం వెళ్ళాం. సూర్యాపేట దాటేసరికి అక్కయ్య తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. ఖమ్మంలో బండి ఆగితే ఉలిక్కిపడి లేచి, "వెనకేమీ లేదు, పోనివ్వండి" అంది.