హోయిచి చెవులు – మన చెవులు





దయ్యాలు లేవనే మనం ఈసారి ఒక దయ్యం కథ చెప్పుకుందాం. ఇది జపాన్ వాళ్ల పాత కథ. లఫ్కాడియో హెర్న్ 1904లో తన 'క్వైదాన్' పుస్తకంలో రాసిండు. దర్శకుడు మసాకి కొబయాషి 1964లో అదే పేరుతో సినిమా తీస్తే, మరుసటి ఏడు కాన్ చిత్రోత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. అందులోని నాలుగు కథల్లో ఇది మూడోది.

1185లో దాన్-నో-ఉరా దగ్గర సముద్రం మీద జరిగిన యుద్ధంలో హెయికె అనే ప్రభువుల వంశం నాశనమైంది. వాళ్ల పసి చక్రవర్తి కూడా నీళ్లలో మునిగి చనిపోయిండు. ఆ యుద్ధగాథను 'బివా' అనే తీగల వాద్యం మీద పాడే చూపు లేని కళాకారుడు హోయిచి. పేదోడు. ఒక బౌద్ధాలయంలో తలదాచుకుంటాడు.

ఒక రాత్రి "హోయిచీ!" అని ఒక సైనికుడి గొంతు గద్దించింది. మా ప్రభువు నీ పాట వింటాడట, రమ్మంది. హోయిచి భయంతో లేచి వెంట నడిచిండు. రాజభవనంలో పాడుతున్నాననుకున్నాడు. పెద్దోళ్లు మెచ్చుకుంటుంటే పొంగిపోయిండు. నిజానికి కూర్చున్నది చచ్చిన ప్రభువుల సమాధుల నడుమ!

సంగతి తెలిసిన ఆలయ గురువు హోయిచి ఒళ్లంతా ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం రాయించి, ఎవరు పిలిచినా పలకొద్దు, కదలొద్దు అన్నాడు. కానీ చెవుల మీద రాయడం మరిచారు. రాత్రి వచ్చిన దయ్యానికి మనిషి కనబడలేదు, రెండు చెవులే కనబడ్డాయి. వాటినే పీక్కుపోయింది. అంత నొప్పిలోనూ హోయిచి నోరు విప్పలేదు. బతికిండు.

ఆ సూత్రం చెప్పేది శూన్యత గురించి. శూన్యతను తర్కంతో నిలబెట్టిన ఆచార్య నాగార్జునుడి పేరే నాగార్జునకొండకు ఉంది. మన మీర్‌పేట్‌కు దగ్గరున్న సాగర్ రింగ్ రోడ్డు నుంచి పోయే దారి అటే. అంత లోతైన బోధ కథలో తాయెత్తు అయిపోయింది. మనం ఒప్పుకోనిది ఇక్కడే. ధమ్మ గ్రంథాలు చదివినంత మాత్రాన ధమ్మం కాదని బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో స్పష్టం చేసిండు. చదివితేనే చాలనప్పుడు ఒంటి మీద రాసుకుంటే చాలుతుందా?

హోయిచిని కాపాడింది సిరా కాదు. పాత యజమాని పిలిస్తే పలకకపోవడం.

మన తాతలు కూడా దొర కేక వినబడగానే డప్పు పట్టుకొని ఉరికినోళ్లే. దొరకు వాళ్లు మనుషులుగా కనబడలేదు, ఆజ్ఞ వినే చెవులుగానే కనబడ్డారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఆ పిలుపుకు పలకడం మానేసిండు, లక్షల మందితో మాన్పించిండు.

మరి మన సంగతి? గోడ మీద బుద్ధుడు, బండి మీద జై భీమ్, ఇంటి మీద పంచశీల జెండా. ఒళ్లంతా రాసుకున్నాం. కానీ బిడ్డ పెళ్లనగానే "ముహూర్తం చూపించిన్రా?" అన్న మాట చెవిన పడితే లేచి పోతున్నాం. పిల్లకు జ్వరమొస్తే "దిష్టి తగిలింది" అన్న మాటకు డాక్టరు కన్నా ముందు నిమ్మకాయ కొంటున్నాం. "వాళ్లు మనోళ్లు కాదు" అన్న మాటకు మనలో మనమే కులం గీత గీసుకుంటున్నాం. ఆ గొంతులు చచ్చిన ప్రభువులవే.

వచ్చే ఆదివారం వందన అయినంక ఇంటిల్లిపాదీ కూర్చొని 22 ప్రతిజ్ఞలు ఒక్కొక్కటీ చదవండి. ప్రతిదాని దగ్గర ఆగి అడుగుకోండి: ఇది మన బతుకులో ఉందా, గోడ మీదనే ఉందా? దొరికిన ఖాళీని అక్కడే మాట్లాడుకొని పూడ్చండి.

పాత గొంతు మళ్లీ పిలుస్తది. మనం పలకొద్దు.

భవతు సబ్బ మంగళం!