ఆ ఫిల్టర్ పీకించకు అల్లుడూ

అల్లుడూ, నీ డీజిల్ కారులో పొగలోని మసిని పట్టే ఫిల్టర్, అదే డీపీఎఫ్, పూడుకుపోయిందట. మెకానిక్ ఎవరో దాన్ని కోసేసి ఖాళీ గొట్టం వెల్డింగ్ చేస్తానన్నాడట. మీ అమ్మ చెప్పింది. ఆ పని మాత్రం చేయించకు నాయనా.

ఆ ఫిల్టర్‌లో లోపం ఉందని నాకనిపించడం లేదు. నువ్వు బండి తిప్పే తీరులోనే ఉంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్లు ఆ ఫిల్టర్‌తోనే వస్తున్నాయి. పొగలోని మసిని పట్టి, సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. అంత వేడి పుట్టాలంటే బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. నువ్వేమో శావల్యాపురంలో బయల్దేరి చేను దగ్గర ఆపుతావు, మళ్లీ కొట్టు దగ్గర ఆపుతావు. ఇంక మసి ఎప్పుడు కాలుతుంది?

ఫిల్టర్ దీపం వెలగ్గానే కంగారుపడకు. ట్యాంకులో డీజిల్ చూసుకుని, వినుకొండలో 544డి హైవే ఎక్కి నరసరావుపేట వైపు ఓ ఇరవై నిమిషాలు, అరగంట నిలకడగా పోనివ్వు. చాలాసార్లు దీపం దానంతటదే ఆరిపోతుంది. ఆరకపోయినా, ఇంజిన్ దీపం కూడా వెలిగినా ఇంక తిప్పకు. సర్వీసు సెంటర్లో స్కానర్ పెట్టించు. మసి ఎంత పేరుకుందో, సెన్సర్ పోయిందో, పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ పట్టేసిందో అందులో తేలుతుంది. హైవే దిగి వచ్చిన వెంటనే కల్లంలో ఎండుగడ్డి మీద, పత్తికట్టె మీద బండి నిలపొద్దు. కింద గొట్టం నిప్పులా ఉంటుంది.

డిప్‌స్టిక్ బయటికి లాగి చూడు. ఆయిల్ పై గీత దాటిందా, డీజిల్ వాసన కొడుతోందా? మసి కాల్చే పని మధ్యలో ఆగిపోయినప్పుడల్లా డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. అలా ఉంటే ఆయిల్ మార్పించు. డీపీఎఫ్ బండికి బూడిద తక్కువ వచ్చే ఆయిలే పోయించాలి, ఏ గ్రేడో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. బండి చల్లారాక సైలెన్సర్ కొసలో వేలు పెట్టి చూడు, ఫిల్టర్ బాగుంటే మసి అంటదు.

మీ బావ కారుకు పొగను శుభ్రం చేసే ద్రవం, అదే డెఫ్, పోసే ట్యాంకు ఉంది కదా, అతనికీ చెప్పు. డెఫ్‌లో 32.5 శాతం యూరియానే ఉంటుంది, కాదనను. అలాగని మిరపతోటకు తెచ్చిన బస్తాలోది నీళ్లలో కలిపి పోస్తే లోపలి పరికరాలు పాడైపోతాయి.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఏడాదికోసారి తీసుకో. 2019 సవరణ తర్వాత పొగ నిబంధన తప్పితే రూ.10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు చట్టంలోనే ఉన్నాయి. నాకు జరిమానా కంటే ఫిల్టర్ పీకేసిన బండి పొగే భయం. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. మన సందులో బండి స్టార్ట్ చేస్తే ఆ గొట్టం ముందు ఆడుకునేది మన పిల్లలే.

ఈ వారంలోనే స్కానర్ పెట్టించి, వాళ్లిచ్చిన రిపోర్టు నాకు వాట్సాప్‌లో పంపు. ఖర్చు ఎక్కువైతే మొహమాటపడకు, నేను సర్దుతాను.