పొయ్యి కొనే ముందు ఒక మాట

నాయనా,

నలుగురు స్నేహితులతో బెంగళూరు నుంచి వచ్చి ధర్మపురి పక్క రెండు రాత్రులు గుడారంలో ఉంటామని, వంటకు ఏ స్టవ్ కొనాలో చెప్పమని అడిగావు. నువ్వు పంపిన బొమ్మలన్నీ చూశాను. ప్రతిదాని కిందా మంట ఎంత జోరుగా వస్తుందో రాశారు. ఆ మంట ఆరడానికి ఎంతసేపు పడుతుందో నువ్వు చూడు. మీట తిప్పగానే ఆరిపోయేదే కొను.

మూడు రాళ్ల మీద కట్టెలు ఎగదోసి వండిన వంట రుచి నాకు తెలుసు. మీ అవ్వ సంగటి కెలికింది ఆ పొయ్యి మీదే. కానీ నీళ్లు చల్లేశాం అనుకున్న నిప్పు బూడిద కింద తెల్లారేదాకా బతికే ఉంటుంది. ఎండాకాలంలో మా పక్క కొండల మీద గడ్డీ, రాలిన ఆకూ అప్పడంలా ఎండి ఉంటాయి. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణిలో కార్చిచ్చు చుట్టుముట్టి, కొండలెక్కడానికి వెళ్లినవాళ్లు ఇరవై మందికి పైగా పోయారు. అందులో నీ ఈడువాళ్లే ఎక్కువ. ఈ వైపు అడవుల్లో కొంత భాగాన్ని 2022లో కావేరి దక్షిణ అభయారణ్యంగా ప్రకటించారు. ఏనుగులు తిరిగే చోట్లవి. రిజర్వు అడవిలో నిప్పు వెయ్యడం నేరం కూడా. అటవీశాఖ ఒప్పుకున్న చోటో, తెలిసినవాళ్ల తోటలోనో గుడారం వెయ్యండి. మన చింతతోపు ఉండనే ఉంది.

హొగెనకల్ జలపాతానికి వెళితే అక్కడ స్టవ్ బయటికి తియ్యనే వద్దు. నీళ్ల తుంపర పొగలా లేస్తుంది కాబట్టి ఆ చోటికి కన్నడంలో పొగరాయి అని అర్థమొచ్చే ఆ పేరొచ్చింది. అక్కడి ఆడవాళ్లకు చేప కొనిస్తే, బాగుచేసి, మసాలా పట్టించి, నీ కళ్ల ముందే పులుసు పెట్టి, వేపుడు చేసి ఇస్తారు. వాళ్ల జీవనం అదే. ఒక పూట వంట వాళ్ల చేతికి వదిలెయ్యండి. నువ్వు కొనే ఏ పొయ్యి మీదా ఆ పులుసు రాదు.

మిగిలిన పూటలకు ఏం వండుకుంటారో ముందు అనుకోండి. ఉత్త టీ, నూడుల్స్ అయితే గ్యాస్ డబ్బా నెత్తిన మరతో బిగించే చిన్న బర్నర్ చాలు, జేబులో పడుతుంది. కానీ నువ్వు రాగిసంగటి చేస్తానన్నావు. సంగటికి తెడ్డు గట్టిగా తిప్పాలి, గిన్నె కదలకూడదు. ఆ చిన్న బర్నర్ మీద తెడ్డేస్తే గిన్నె ఒరిగి, ఉడుకునీళ్లు కాళ్ల మీద పడతాయి. దానికి సూట్‌కేసులా మూసుకునే పెట్టె స్టవ్ కావాలి. నేలకు అంటి కూర్చుంటుంది, డబ్బా పక్క అరలో ఉంటుంది. దాని మీద మరీ వెడల్పాటి గిన్నె పెట్టొద్దు. గిన్నె అంచు డబ్బా మీదికి వస్తే వేడికి డబ్బా ఉబ్బుతుంది. గాలి ఆపాలని స్టవ్ చుట్టూ రేకు మూసినా అంతే. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డం పెట్టు.

గ్యాస్ లెక్క చెబుతాను. గాలి లేనిచోట మూత పెడితే, లీటరు నీళ్లు మరగడానికి పది పదిహేను గ్రాములు పడుతుంది. గాలి కొడితే అంతకు రెట్టింపు. ఐదుగురికి రెండు రోజులంటే 230 గ్రాముల డబ్బాలు రెండు కావాలి, మూడోది చేతిలో ఉంచుకోండి. వత్తల్‌మలై ఎక్కితే కందిపప్పు తొందరగా ఉడకదు. వెయ్యి మీటర్ల ఎత్తుకు నీళ్లు మూడు డిగ్రీలు ముందే మరుగుతాయి. కుక్కర్ ఉంటే ఆ బాధ లేదు, గ్యాసూ మిగులుతుంది.

ఇరవై ఏళ్లప్పుడు నేను తీర్థమలకు పంపు స్టవ్ మోసుకెళ్లాను. వాషర్ అరిగిందని చూసుకోలేదు. కిరసనాయిలు కారి బియ్యం సంచిలోకి దిగింది. ఆ పూట ఆరుగురం పస్తు. అందుకే చెబుతున్నా, కొత్త స్టవ్‌ను ముందు ఇంటి మేడ మీద రెండుసార్లు వెలిగించి చూడు. గ్యాస్ కారుతోందేమోనని అగ్గిపుల్లతో చూడకు, సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడు. ఎండలో నిలిపిన కారులో డబ్బాలు వదలకు.

ఇంకొకటి, ఇది మాత్రం నా మీద ఒట్టు. వానొచ్చినా సరే గుడారం లోపల స్టవ్ వెలిగించొద్దు. బట్ట అంటుకోవడం ఒక్కటే కాదు, మూసిన చోట మంట కక్కే విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. అలాగే గ్యాస్ డబ్బా సంచిలో దాచి రైలెక్కొద్దు. 2023 ఆగస్టు 26న మదురై యార్డులో ఆగి ఉన్న యాత్రికుల పెట్టెలో, చట్టవిరుద్ధంగా తెచ్చిన గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. వాళ్లూ ఇంటి వంట తినాలనుకున్నవాళ్లే. స్టవ్ నువ్వు తెచ్చుకో, డబ్బాలు నేను ఇక్కడ కొని ఉంచుతాను.

అటక మీద మూడు లీటర్ల కుక్కర్, మీ అవ్వ తెడ్డు ఉన్నాయి. రెండూ తోమించి పెట్టాను. ముందు ఇంటికి రండి, అన్నం తిన్నాక తోపుకు నేనే తీసుకెళతాను.